నాణెం మాస్టారు పట్టిన దొంగలు

నాణెం మాస్టారు రిటైరైనప్పుడు మా డిపార్టుమెంటు ఒక చిన్న సంచిక వేసింది. ఆయన గురించి రెండు పేజీలు రాసే పని నాకు అప్పజెప్పారు. నేను ఆయన శిష్యుణ్ణి, ఆ తర్వాత ఆయన పక్క బల్ల దగ్గర కూర్చుని పనిచేసినవాణ్ణి కూడా. రాశాను. ఆయన క్రమశిక్షణ, ముత్యాల్లాంటి చేతిరాత, ఒక్క రోజు కూడా క్లాసుకి ఆలస్యంగా రాకపోవడం, అన్నీ రాశాను. చదివినవాళ్ళు బాగుందన్నారు. నాకు మాత్రం ఆ రెండు పేజీలు చూస్తే ఒళ్ళు మండుతుంది. అసలు సంగతి ఎగ్గొట్టి మిగతాదంతా మర్యాదగా నింపడం నాకు బాగా వచ్చిన విద్య. ఎగ్గొట్టిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన మొదటినుంచీ మాస్టారు కాదు. ఇరవై మూడో ఏట మా సైకాలజీ ప్రయోగశాలలో గుమాస్తాగా చేరారు. దీపం వెలగగానే మనిషి మీట నొక్కడానికి ఎంతసేపు పడుతుందో కొలిచే పరికరాలు అక్కడుంటాయి. వాటిని తుడవడం, స్టాప్ వాచీలకి కీ ఇవ్వడం, వచ్చిన అంకెలు రిజిస్టరులో ఎక్కించడం ఆయన పని. అలా ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఉండగా, ఒకే మనిషి ఒకే మీటని వందసార్లు నొక్కితే వంద రకాల అంకెలు ఎందుకొస్తాయన్న అనుమానం పుట్టిందట. ఒక ప్రొఫెసరుని అడిగితే, "అది స్టాటిస్టిక్సయ్యా, నీకెందుకు?" అన్నాడట. ఆ మాట ముల్లులా దిగింది. పోస్టులో పాఠాలు తెప్పించుకుని, భోజన విరామంలో ఆ పరికరాల మధ్యే కూర్చుని, పన్నెండేళ్ళు తంటాలు పడి రెండు డిగ్రీలు సంపాదించారు. స్టాటిస్టిక్సు చెప్పడానికి ఎవరూ ముందుకు రాని ఒక ఏడాది, పోనీ గుమాస్తాతో కానిద్దాం అని ఆయన్ని క్లాసులోకి తోశారు. లెక్చరరు అయ్యాక కూడా స్టాఫ్ రూములో కొందరు "మన గుమాస్తాగారు" అనేవాళ్ళు, ఆయన వినేటట్టే.

ఇక విద్యార్థుల సంగతి. మనసు లోతులు తెలుసుకుందామని సైకాలజీలో చేరి, రెండో వారంలోనే బోర్డు మీద సంభావ్యత, విభాజనం అన్న మాటలు చూసి గుండెలు జారిపోయే బాపతు మేము. మాస్టారు మమ్మల్ని ఒక్క నాణెంతో దారికి తెచ్చేవారు. "సంభావ్యత అంటే రేపేం జరుగుతుందో చెప్పడం కాదర్రా. ఇలాంటివి వంద జరిగితే అందులో ఎన్ని ఇలా అవుతాయో చెప్పడం. అంతే," అనేవారు. ఒక్కొక్కరూ వంద సార్లు నాణెం ఎగరేసి రాసుకురావాలి. బొమ్మ పడితే నిలువు గీత, బొరుసు పడితే సున్నా. మర్నాడు ఒక్కొక్కరం బోర్డు దగ్గరికి వెళ్ళి, మాకు ఎన్ని బొమ్మలు పడ్డాయో ఆ అంకె మీద ఒక ఇంటూ మార్కు పెట్టాలి. ముప్ఫయ్యారు మంది పెట్టేసరికి యాభై చుట్టూ మార్కులు గుట్టగా పేరుకునేవి. నలభైకి, అరవైకి వెళ్ళేసరికి పలచబడిపోయేవి. "చూశారా, గంట బోర్లించినట్టు లేదూ? దీన్నే విభాజనం అంటారు. ఏది ఎంత తరచుగా జరుగుతుందో పరిచి చూపించడం," అనేవారు. లెక్కలంటే హడలిపోయే నాలాంటివాడికి కూడా ఆ గుట్ట చూస్తే భలే అనిపించింది.

కానీ జనం ఎదురుచూసేది ఆ తర్వాతి ఘట్టం కోసం. మాస్టారు మా కాగితాల కట్ట చేతిలోకి తీసుకుని, ఒక్కోదాన్ని పది సెకన్లు చూసి, "నువ్వు ఎగరేశావు. నువ్వూ ఎగరేశావు. నువ్వు మాత్రం ఇంట్లో కూర్చుని పెన్సిలుతో గీకేశావు," అని విడదీసేవారు. వాళ్ళు నోరెళ్ళబెట్టి, అవునని ఒప్పుకునేవాళ్ళు. ఆ రోజు పక్క క్లాసుల లెక్చరర్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు. మన గుమాస్తాగారు అన్న నోళ్ళే ఆ ఒక్క రోజు చప్పట్లు కొట్టేవి. ఏడాదికి ఆ గంటసేపు ఆయన మొహం వెలిగిపోయేది.

కిటుకు చిన్నదే. ఊహించి రాసేవాడు ఒకే గుర్తుని మూడుసార్లో నాలుగుసార్లో వరసగా రాసేసరికి, ఇలా ఎక్కడైనా పడుతుందా అని భయపడి గుర్తు మార్చేస్తాడు. మనసు అలాగే పనిచేస్తుంది, సైకాలజీ వాళ్ళకి ఆ పాఠం అందుకే. నాణేనికి ఆ భయం లేదు. కిందటిసారి ఏం పడిందో దానికి గుర్తుండదు. అందుకని వంద సార్లు నిజంగా ఎగరేస్తే ఎక్కడో ఒకచోట ఒకే వైపు ఐదుసార్లు వరసగా పడటం దాదాపు ఖాయం. ఎక్కడా ఐదు వరస లేని కాగితం దొంగ కాగితం. మాస్టారు దాన్ని ఖాకీ రంగు ఫైలులో వేసి, మీద పేరూ సంవత్సరమూ రాసి పెట్టుకునేవారు.

ఈ కిటుకు నాకు ముందే తెలుసు. మా అక్క నాకంటే రెండేళ్ళ ముందు అదే క్లాసులో చదివింది. "ఎండలో ఆ తిప్పలెందుకురా? ఒకచోట ఆరు గీతలు, ఇంకోచోట ఏడు సున్నాలు వరసగా పెట్టు. ముసలాయన మురిసిపోతాడు," అంది. అక్క చెప్పినట్టే చేశాను. జీవితంలో మా అక్క చెప్పినమాట నేను విన్నది అదొక్కసారే.

మా క్లాసులో టోకెన్ అక్క అని ఒకావిడ ఉండేది. మాకందరికీ పద్దెనిమిదీ పందొమ్మిదీ, ఆవిడకి ఇరవై తొమ్మిది. పొద్దున ఒక ఆస్పత్రిలో రోగులకి టోకెన్లు రాసిచ్చి, మధ్యాహ్నం క్లాసుకి వచ్చేది. మొదటి ఏడాది పాసై, కాలేజీ నుంచి మంచి నడవడి ఉన్నట్టు సర్టిఫికెట్ తెస్తే, కౌన్సెలింగ్ గదిలో సహాయకురాలిగా తీసుకుంటామని ఆస్పత్రివాళ్ళు మాటిచ్చారు. ఆ సంగతి క్లాసులో అందరికీ చెప్పుకుంది. "కిటికీ కంతలోంచి టోకెన్ ఇస్తే మనిషి చెయ్యే కనబడుతుంది తమ్ముడూ. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏమ్మా ఏమైంది అని అడగాలని ఉంది నాకు," అని నాతో అంది ఒకసారి.

నాణెం లెక్క ఇచ్చిన మధ్యాహ్నం లైబ్రరీ పక్క వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ ఎగరేస్తోంది, నేను గీకుతున్నాను. కాసేపటికి ఆవిడ నాణెం దొర్లుకుంటూ వెళ్ళి పాత బీరువా కిందకి పోయింది. బోర్లా పడుకుని స్కేలుతో తోసినా రాలేదు. "తమ్ముడూ, నీ నాణెం ఓసారి ఇస్తావా?" అంది. ఇచ్చాను. నాకు దాంతో పనేముంది గనక? ఆవిడ నా కాగితం వైపూ నా చేతిలోని పెన్సిలు వైపూ చూసింది, నవ్వింది. "నీదైపోయిందా అప్పుడే?" అంది. "అయిపోయిందక్కా," అన్నాను. ఆవిడ మళ్ళీ తన పనిలో పడింది. నాణెం బెంచీ కాలికి ఆనుకుని నిలబడితే అది లెక్కలోకి రాదని మళ్ళీ ఎగరేసింది. ఎనభై దాటేసరికి బొటనవేలి గోరు కింద ఎర్రబడింది. వందా అయ్యేదాకా నేను అక్కడే ఉన్నాను. చివరికి నాణెం తుడిచి మరీ నాకు తిరిగిచ్చింది.

మర్నాడు మాస్టారు కట్ట విప్పి, "ఈ క్లాసులో దొంగలున్నారు," అనగానే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సగం మందిమి చొక్కాలు సర్దుకున్నాం. గుమ్మంలో ముగ్గురు లెక్చరర్లు నిలబడ్డారు. ఆరుగురు దొరికారు, ఒప్పుకున్నారు, నవ్వుకున్నాం. ఏడో కాగితం టోకెన్ అక్కది.

"ఏమ్మా, నువ్వు కూడానా?" అన్నారు మాస్టారు.

"లేదండీ, నేను ఎగరేశాను," అంది.

"ఎక్కడా నాలుగు దాటలేదు. నాణెం ఇలా పడదమ్మా."

"నాకలాగే పడిందండీ. నిజంగానే ఎగరేశాను."

గుమ్మంలో ఉన్న ఒకాయన కిసుక్కున నవ్వాడు. మాస్టారికి చిర్రెత్తింది. ఆ రోజు అంతవరకూ ఆయన లెక్కని కాదన్నవాళ్ళు లేరు. పైగా ఆ గుమ్మంలో ఉన్నవాళ్ళ ముందు. "మిగతా ఆరుగురూ చిన్నపిల్లలు, అయినా ఒప్పుకున్నారు. ఇంత వయసొచ్చి నీకు నిజం చెప్పడం బరువైందా? నీలాంటి అబద్ధాలకోరు రేపు రోగుల ముందు కూర్చుని ఏం చెప్తుంది?" అన్నారు.

"మీ ముందే మళ్ళీ వంద సార్లు ఎగరేస్తానండీ," అంది ఆవిడ.

"ఇంకోసారి ఎగరేస్తే ఇంకోలా పడుతుంది. నిన్నటిది నిజమవుతుందా?" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

అప్పుడు ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది. ఇతను చూశాడు, అడగండి అంటుందని నాకు చెమటలు పట్టాయి. అంటే నన్ను లేపుతారు, అక్కడ నువ్వేం చేస్తున్నావని అడుగుతారు, నా బండారం బయటపడుతుంది. ఆవిడ అనలేదు. నేనే లేచి చెప్తానని ఎదురుచూసింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాను. రెండు నిమిషాల తర్వాత మాస్టారు నా కాగితం పైకెత్తి పట్టుకున్నారు. "ఇదిగో, ఇక్కడ ఆరు, ఇక్కడ ఏడు. అసలైన నాణెం అంటే ఇదీ. నిజాయితీ ఎలా ఉంటుందో చూడండి," అన్నారు. ఆవిడ తన పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయింది. అప్పుడు కూడా నా పేరు చెప్పలేదు.

ఏడాది చివర టోకెన్ అక్క పాసైంది, అన్నిట్లోనూ. నడవడి సర్టిఫికెట్లో నిజాయితీ అన్న గడి ఎదుట మాస్టారు ‘సందేహాస్పదం’ అని రాశారు. ఆ తర్వాత ఆవిడ కాలేజీకి రాలేదు. నేను ఫస్టు క్లాసులో పాసై, పైచదువులు చదివి, అక్కడే లెక్చరరునయ్యాను. మాస్టారి పక్క బల్ల నాకిచ్చారు. ఆయన ప్రతి ఏడూ నాణెం రోజున నా కాగితాన్నే బీరువాలోంచి తీసి, నమూనాగా చూపించేవారు. పక్కనే నేను నిలబడి ఉండేవాణ్ణి. కొత్త పిల్లలు నన్ను గౌరవంగా చూసేవాళ్ళు. మొదటి ఏడాది నేల చీలితే అందులోకి పోదామనిపించింది. మూడో ఏడాదికి అలవాటైపోయింది. అలవాటైపోవడం ఇంకా పెద్ద సిగ్గు.

అక్కని దొంగన్న రోజు నుంచి పదకొండేళ్ళు గడిచాయి. మాస్టారు రిటైరవబోయే ఏడాది ఇద్దరం కలిసి మొదటి ఏడాది పిల్లలకి ఒక అభ్యాసాల పుస్తకం తయారుచేశాం. నాణెం లెక్క అందులో మొదటి పాఠం, నా కాగితం అందులో బొమ్మగా వేయాలని ఆయన పట్టు. పాఠంలో ‘ఐదు వరస లేకపోవడం దాదాపు అసాధ్యం’ అని ఉంది. దాదాపు అని ఎందుకు, కచ్చితమైన అంకె వేద్దామని, కంప్యూటరు చేత పదివేల మంది ఊహా విద్యార్థులతో తలా వంద సార్లు నాణెం ఎగరవేయించాను. ఒక మంగళవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. పదివేల కాగితాల్లో రెండు వందల ఎనభై మూడింటిలో ఐదు వరస లేదు.

"వందకి తొంభై ఏడు పాళ్ళు మీ మాటే నిజం మాస్టారూ!" అన్నాను.

ఆయన సంతోషిస్తారనుకున్నాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మన క్లాసులో ఎంతమంది?" అన్నారు.

"ముప్ఫయ్యారు."

"ముప్ఫయ్యారు మందీ బుద్ధిగా ఎగరేసినా, అందులో ఒకరికి ఐదు వరస రాదు. అంటే ఏడాదికి ఒకరు." "నేను ఎన్నేళ్ళుగా చెప్తున్నానయ్యా?"

ఇరవై రెండేళ్ళని ఆయనకీ తెలుసు. గొడుగు కూడా మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడూ ఆ మర్నాడూ కాలేజీకి రాలేదు. అది ఇంతకుముందెన్నడూ జరగలేదు. శుక్రవారం ఇంటికి వెళ్ళాను. మాస్టారి భార్య తలుపు తీసి, "రా బాబూ. మూడు రోజులైంది, కంచం ముందు కూర్చోవడం, లేవడం. ఆ కాగితాల్లో ఏముందో నాకు చెప్పరు. నీకైనా చెప్తారేమో చూడు," అంది. ముందుగదిలో బల్ల నిండా ఖాకీ ఫైలులోని కాగితాలు పరిచి ఉన్నాయి. ఏడాది వారీగా కుప్పలు పెట్టారు.

"నూట యాభై ఒకటి," అన్నారు మాస్టారు, నన్ను కూర్చోమనకుండానే. "మొత్తం చదువుకున్నది దాదాపు ఎనిమిది వందల మంది. అందులో నాలుగో వంతు మంది దొంగలే అనుకో. మిగతా ఆరు వందల మంది ఎగరేసినవాళ్ళు. ఆరు వందలకి, వందకి మూడు కంటే కాస్త తక్కువ చొప్పున చూడు. పదహారు, పదిహేడు మంది. ఈ బల్ల మీద పదిహేడు మంది నిజం చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళ మొహం మీదే దొంగలన్నాను."

"మీకు తెలియదు కదా మాస్టారూ."

"తెలియకేం?" ఆయన గొంతు హెచ్చింది. "ఏడో పాఠంలో నేనేం చెప్తాను? జబ్బున్నవాళ్ళలో పరీక్షకి చిక్కేవాళ్ళు ఎంతమంది అన్నది ఒక ప్రశ్న, పరీక్షకి చిక్కినవాళ్ళలో జబ్బున్నవాళ్ళు ఎంతమంది అన్నది వేరే ప్రశ్న, రెండూ కలపకండర్రా అని బల్ల గుద్ది చెప్తాను. దొంగ కాగితంలో వరస ఉండదన్నది నిజమే. వరస లేనిదల్లా దొంగ కాగితమని ఎవరు చెప్పారు నాకు? గుమ్మంలో నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొడుతుంటే లెక్క సరిచూసుకోవాలని ఒక్క ఏడాది తోచలేదు. ఎవరైనా లేదండీ అంటే ఇంకా గట్టిగా అరిచాను."

ఆయన ఒక కాగితం తీసి, దించి, ఇంకోటి తీశారు. "ఎంతమందో లెక్క చెప్తుంది. ఎవరో చెప్పదు. ఆ పదిహేడు మంది ఎవరో తెలిస్తే కాళ్ళమీద పడేవాణ్ణి. తెలియదు గనక నూట యాభై ఒక్క మందికీ ఉత్తరాలు రాస్తున్నాను."

"దొంగలకి కూడానా?"

"ఎవరు దొంగో నాకేం తెలుసు?"

ఆ పదిహేడు మందిలో ఒకరెవరో నాకు తెలుసు. ఆ గదిలో ఆ మాట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నాకెదురుగా బల్ల మీద, పదకొండేళ్ళ కిందటి కుప్పలో, పైనుంచి మూడో కాగితం టోకెన్ అక్కది. ఇప్పుడు కూడా నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆయన ఉత్తరాలు రాసుకుంటారు, నా కాగితం పుస్తకంలో అచ్చవుతుంది, వచ్చే ఏడాది నేనే నాణెం మాస్టారినవుతాను. నిజం చెప్తున్నాను, అదంతా ఒక్క క్షణంలో లెక్కేసుకున్నాను. లేచి గుమ్మం దాకా వెళ్ళాను కూడా. చెప్పులు వేసుకుంటూ ఆయన వైపు చూశాను. అరవై ఏళ్ళకి దగ్గరైన మనిషి, రెండు చేతులతో తల పట్టుకుని ఆ కాగితాల మీద వంగి ఉన్నాడు.

వెనక్కి వచ్చి టోకెన్ అక్క కాగితం పైకి తీశాను. "ఈవిడ ఎగరేసింది మాస్టారూ. నేను చూశాను. వందా చూశాను."

"ఎలా చూశావు?"

"పక్కన కూర్చుని నా కాగితం పెన్సిలుతో గీకేశాను."

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నా మొహంలోకి చూడలేదు. "ఆరు, ఏడు," అన్నారు మెల్లగా. "ఇక్కడ ఆరు, ఇక్కడ ఏడు. పదకొండేళ్ళు దాన్నే చూపించాను కదయ్యా పిల్లలకి." తర్వాత అడిగారు, "ఆ రోజు నేనామెని అన్నప్పుడు నువ్వు నవ్వావా?"

"నవ్వాను."

"నేనూ నవ్వాను," అన్నారు.

తిడతారనుకున్నాను. ఉద్యోగం సంగతి ఎత్తుతారనుకున్నాను. నాలుగు తన్ని ఉంటే హాయిగా ఉండేది. పుస్తకంలోంచి బొమ్మ తీయించమని ప్రెస్సుకి రాయి అన్నారు, ఆవిడ ఇంకా ఆ ఆస్పత్రిలోనే ఉందేమో, రేపు పొద్దున్నే వెళ్దాం అన్నారు, అంతే.

మర్నాడు శనివారం. ఆస్పత్రి హాల్లో జనం కిటకిటలాడుతున్నారు. పక్క తలుపులోంచి వెళ్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. గంటకి పైగా వరసలో నిలబడ్డాం. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. టోకెన్ అక్క ఇప్పుడు టోకెన్ల విభాగానికి పెద్ద. కౌంటరు వెనక నిలబడి ఇంకో ఇద్దరికి పని చెప్తోంది. జుట్టు కొంచెం నెరిసింది. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. "మాస్టారూ! మీరా? ఒంట్లో బాగాలేదా?" అంటూ గబగబా బయటికొచ్చి వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

మాస్టారు కూర్చోలేదు. "అమ్మా, పదకొండేళ్ళ కిందట క్లాసులో అందరి ముందూ నిన్ను అబద్ధాలకోరు అన్నాను. నువ్వు నిజమే చెప్పావు. తప్పు నాది. లెక్క నాకు తెలిసుండీ తప్పు చేశాను," అన్నారు. తర్వాత జేబులోంచి ఒక కవరు తీసి ఇచ్చారు. అందులో కొత్త సర్టిఫికెట్ ఉంది. నిజాయితీ గడిలో ఆయన చేతిరాతతో నాలుగు వాక్యాలు ఉన్నాయి.

ఆవిడ నిలబడే చదివింది. రెండోసారి చదివింది. "ఆ ఉద్యోగం అప్పుడే ఇంకొకరికి ఇచ్చేశారండీ. ఇప్పుడు ఇచ్చినా నాకు నలభై వచ్చేశాయి," అంది. కాగితాన్ని మడతలు పడకుండా మళ్ళీ కవరులో పెట్టింది. "ఇంట్లో ఏం చెప్పానో తెలుసాండీ? లెక్కలు రాక మానేశానని చెప్పాను. అబద్ధాలకోరు అన్నారని చెప్పుకోవడం కంటే అదే నయమనిపించింది. నేనాడిన అబద్ధం అదొక్కటే. మా ఆయన ఇప్పటికీ, నీకు లెక్కలు రావుగా అని ఆటపట్టిస్తాడు. రోజుకి ఆరు వందల టోకెన్లు తప్పు లేకుండా రాసేదాన్ని." నవ్వబోయింది, కానీ కళ్ళు నిండాయి. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"మీకెప్పుడు తెలిసింది మాస్టారూ?" అంది.

"పోయిన మంగళవారం తల్లీ. నీ సంగతి నిన్ననే తెలిసింది."

ఆవిడ నా వైపు తిరిగింది. పదకొండేళ్ళ తర్వాత, అదే చూపు.

"మరి నీకు?"

ఆ ప్రశ్నకి జవాబు ఆవిడకి తెలుసు. మాస్టారికీ తెలుసు. అయినా నేను చెప్పాలి.

"ఆ రోజే తెలుసక్కా," అన్నాను.

ఆవిడ తలూపింది. గోడ పక్కనున్న రెండు కుర్చీల్లో ఒకదాన్ని లాగి, "కూర్చోండి మాస్టారూ, ఎంతసేపటినుంచి నిలబడ్డారో ఏమో. మంచినీళ్ళు తెప్పిస్తాను," అంది. రెండో కుర్చీ గోడ పక్కనే ఉండిపోయింది. దాంట్లో కూర్చోమని నన్ను ఎవరూ అనలేదు. మేం అక్కణ్ణించి వచ్చేసేదాకా నేను నిలబడే ఉన్నాను.